ఓడ ఆగే టూరు, ఓడ ఆగని టూరు

మా మావయ్యతో కలిసి వీధిలో నడిస్తే ఆయన ఎప్పుడూ అందరికన్నా వెనక నడుస్తారు. పెళ్ళైన కొత్తలో అది మర్యాద అనుకుని మురిసిపోయాను. మర్యాదా లేదు, పాడూ లేదు, అది ఉద్యోగం నేర్పిన అలవాటని తర్వాత తెలిసింది. ఆయన రైలు గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. బండికి అన్నిటికన్నా చివరుండే పెట్టె గార్డుది. అక్కడ నిలబడి, ఎక్కాల్సినవాళ్ళు ఎక్కారో లేదో చూసి, ఆయన పచ్చజెండా ఊపితేనే ముందున్న డ్రైవరు బండి కదిలిస్తాడు. ఆ లెక్కన మా కుటుంబమూ ఒక బండే. మేమంతా రోడ్డు అంచుకు చేరాక, ఆయన వెనకనుంచి ఒకసారి కళ్ళతోనే అందరినీ సరిచూసుకుని చెయ్యి పైకెత్తాలి. అప్పటిదాకా మా ఆయన రోడ్డు దాటడు. ఆఫీసులో నలుగురిని గడగడలాడించే మనిషి, తండ్రి చెయ్యి లేచేదాకా బడిపిల్లాడిలా నిలబడతాడు.

చుట్టాలంతా ఆయనకు చాటుగా పెట్టుకున్న పేరు ‘పచ్చజెండా’. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసినట్టు ఎన్నడూ బయటపడలేదు. ఎవరైనా భోజనానికి పిలిస్తే, వాళ్ళింకా స్నానాల హడావిడిలో ఉండగానే మేం వెళ్ళి వాళ్ళ సోఫాలో వరసగా కూర్చుని ఉంటాం. తల తుడుచుకుంటూ తలుపు తీసే ఇంటివాళ్ళ మొహాలు చూడలేక నేను గోడమీది ఫొటోలు చూస్తుంటాను. మావయ్య మాత్రం హాయిగా కాళ్ళు చాపుకుంటారు.

నేనూ తక్కువదాన్నేమీ కాదు. పళ్ళ డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుని అపాయింట్‌మెంట్లు ఇవ్వడం నా పని. నెలల ముందు బుక్ చేసుకుని ఆ రోజుకి మొహం చాటేసేవాళ్ళనీ, ఏమీ బుక్ చేసుకోకుండా దవడ పట్టుకుని వచ్చి ‘ఒక్క నిమిషమేనండీ’ అని కుర్చీలో కూలబడేవాళ్ళనీ రోజూ చూస్తాను. మనుషుల గుణం పళ్ళలో కన్నా బుకింగ్‌లో బాగా బయటపడుతుందని నా గట్టి నమ్మకం. అందుకే ఇంట్లో టైము విషయంలో మావయ్యకీ నాకూ భలే పడుతుంది. పడనిదల్లా, ఆ టైము ఎవరు చెప్పాలన్న దగ్గరే.

ఇక అత్తయ్య. ఆవిడ గొంతు ఇంట్లో తక్కువ వినిపిస్తుంది, చేతులు మాత్రం ఊరుకోవు. వీధివైపు గదిలో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, క్రోషియా సూదితో లేసులు అల్లుతుంది. దిండు గలీబులకు, టేబులు గుడ్డలకు, పసిపిల్లల గౌన్లకు. బజారులో బట్టల కొట్టాయన వచ్చి పట్టుకెళ్తాడు. మావయ్య వారాల తరబడి బండి మీద ఉన్న రోజుల్లో ఇల్లు నడిచింది సగం ఆ సూది మీదే. అయినా మా ఇంట్లో ‘పని’ అంటే మావయ్యది. అత్తయ్యది ‘ఏదో అల్లుకుంటూ ఉంటుంది’. ఆవిడ కూడా అలాగే అనేది.

వాళ్ళ పెళ్ళిరోజు, అదీ పెద్ద అంకెది, దగ్గరపడుతోందని మా ఆయన ఓడ ప్రయాణం ఖాయం చేశాడు. తీరం వెంబడి రోజుకో రేవులో ఆగుతూ వెళ్ళే పెద్ద ఓడ. పొద్దున దిగి ఊరు చూసుకుని సాయంత్రానికి మళ్ళీ ఎక్కాలి. మేం నలుగురం. టిక్కెట్లు కొని తన పని అయిపోయినట్టు మా ఆయన చేతులు దులుపుకున్నాడు. ఏ రేవులో ఏం చూడాలి, ఎవరితో వెళ్ళాలి, ఎప్పుడు బుక్ చెయ్యాలి అన్న తలనొప్పి నా నెత్తిన పడింది. నిజం చెప్పొద్దూ, నాకు లోలోపల సంబరంగానే ఉంది.

భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని అందరినీ కూర్చోబెట్టాను. ఊళ్ళోకి నడిచిపోగలిగిన రేవుల్లో ముందుగా ఏదీ బుక్ చెయ్యక్కర్లేదని, సీట్లు తక్కువుండే టూర్లు మాత్రం ఇంట్లోంచే చేసుకోవాలని, ఓడెక్కాక చూద్దాంలే అనుకుంటే మిగిలినవే దక్కుతాయని చెప్పాను. ఓడవాళ్ళు అమ్మే టూర్లు వేరు, ఊరివాళ్ళు సొంతంగా నడిపేవి వేరు. ఓడవాళ్ళవి పెద్ద బస్సులు, గుంపు, అన్నీ పైపైన. ఊరివాళ్ళవి చిన్న కారు, మనకు నచ్చినచోట ఆపుతారు. ఇంత వివరంగా చెప్పినా మావయ్య ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

“అమ్మాయ్, ఓడవాళ్ళ టూరుకెళ్ళి తిరిగి రావడం ఆలస్యమైందనుకో. ఓడ ఆగుతుందా?”

“ఆగుతుంది మావయ్యా. బస్సు వాళ్ళదేగా.”

“ఊరివాళ్ళతో వెళ్ళి ఆలస్యమైతే?”

“ఆగదు. మన తిప్పలు మనం పడాలి.”

“మరింకేం! అన్నీ ఓడవాళ్ళవే చేసెయ్. ఇందులో ఆలోచించడానికేముంది?”

మావయ్య పేపరు తీసుకుని వరండాలోకి వెళ్ళారు. మా ఆయన అప్పుడే లేచి టీవీ ముందుకెళ్ళిపోయాడు. తండ్రి జెండా ఊపాక ఇక కూర్చోవడమెందుకని కాబోలు. నేను ఊరుకోలేదు. ఒక్కో రేవునీ తెరిచి చదువుతూ పోయాను. మూడో రేవు దగ్గరికి వచ్చేసరికి ఓడవాళ్ళ టూరులో కోట, భోజనం, చివర లేసుల దుకాణం అని ఉంది. ఆ ఊరు చేతి లేసుకి పేరున్న ఊరట. ఇంకాస్త వెతికితే ఊరివాళ్ళ పేజీ ఒకటి దొరికింది. వెనక సందులో ఒక పెద్దావిడ ఇంట్లోనే లేసు అల్లుతుంది, ఒక్కరో ఇద్దరో వస్తే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిస్తుంది, మనవరాలు కారులో తీసుకెళ్ళి తీసుకొస్తుంది. ఫొటోలో గట్టి గుండ్రటి దిండు, దాని మీద బోలెడు గుండుసూదులు, చుట్టూ దారాలకు వేలాడుతున్న చిన్న చిన్న కర్ర కండెలు.

అత్తయ్య చేతిలో సూది ఆగిపోయింది. నేను ఈ ఇంటికొచ్చాక ఆ సూది అల్లిక మధ్యలో ఆగడం చూడటం అదే మొదటిసారి.

“ఇలాగా!” అంది, తనలో తను. “సూదే ఉండదన్నమాట.”

తర్వాత అడిగితే చెప్పింది. ఎప్పుడో ఒకావిడ పాత గౌను కాలరు చిరిగిందని బాగుచెయ్యమని తెచ్చిందట. ఇలాంటి లేసే. అత్తయ్య దాన్ని రోజుల తరబడి వెలుతురుకి పట్టి చూసిందట. దారం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముడిపడిందో అంతు చిక్కలేదు. చివరికి చేతులెత్తేసి తిరిగి ఇచ్చేసింది. చేతకాదని ఆవిడ వెనక్కి ఇచ్చిన పని జన్మలో అదొక్కటే.

“వెళ్దాం అత్తయ్యా. ఇది బుక్ చేసేస్తాను.”

“ఓడ ఆగదుగా. మీ మావయ్య ఒప్పుకోరు. వదిలెయ్యమ్మా.”

అలా మెత్తగా అనేసి మళ్ళీ సూది అందుకుంది. నాకు ఒళ్ళు మండింది. కోరిక లేని మనిషైతే వేరు. ఫొటో చూస్తున్నంతసేపూ ఆవిడ వేళ్ళు బల్ల మీద ఆ కండెల్ని కదిపినట్టు కదలడం నేను చూశాను. ఆ రేవుకి ఆవిడ మళ్ళీ ఎప్పుడు వెళ్తుంది? ఆ ఒక్క రోజూ పోతే ఇక పోయినట్టే. మావయ్యతో తాడో పేడో తేల్చుకుందామని లేవబోయాను. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఆయనతో నీ పప్పులుడకవే. నన్నే వదిలేసి వెళ్ళినాయన, నీ మాట వింటారా?” అని నవ్వింది.

వదిలేసి వెళ్ళిన కథ మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకీ తెలిసిందే. మా ఆయన చంకలో బిడ్డగా ఉన్నప్పుడు, మావయ్య గార్డుగా వెళ్తున్న బండిలోనే అత్తయ్య పుట్టింటికి బయల్దేరింది. దారిలో పెద్ద స్టేషనులో నీళ్ళు పట్టుకుందామని బిడ్డతో సహా దిగింది. కుళాయి దగ్గర జనం. ఈలోగా టైమైంది. మావయ్య ఈల వేశారు, జెండా ఊపారు, బండి వెళ్ళిపోయింది. పెట్టే బేడా బండిలో, పెళ్ళాం బిడ్డా ప్లాట్‌ఫాం మీద. తర్వాతి స్టేషనునుంచి ఆయన కబురు చేస్తే, అత్తయ్య ఉన్న స్టేషను మాస్టరు నవ్వలేక ఏడవలేక అత్తయ్యని వెనకొచ్చే బండి ఎక్కించాడు. చుట్టాలు దీన్ని చెప్పుకుని పడీపడీ నవ్వుతారు. జనంలో పడి ఆయనకు అత్తయ్య కనపడలేదని, కనపడి ఉంటే ఆపేవారని అందరూ అంటారు. అత్తయ్యా అదే అంటుంది. మావయ్య అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

మనిషి చెడ్డవాడు కాదు. ఆయన వాదం ఆయనకుంది. ఒకసారి నాతో అన్నారు, “ఒక్కరి కోసం బండి ఆపితే, ముందు స్టేషన్లలో ఎదురుచూసేవాళ్ళందరికీ అన్యాయం చేసినట్టేనమ్మా. నాకు వాళ్ళు కనపడరు. కనపడనివాళ్ళ గురించి కూడా ఆలోచించాలి గార్డు” అని. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అదే అసలు చిక్కు.

నాకూ మొండితనం తక్కువేం కాదు. కోపం దిగాక మళ్ళీ మ్యాపు ముందు కూర్చున్నాను. మా క్లినిక్‌లో ఎవరైనా అపాయింట్‌మెంట్ తప్పిపోతే నేను మొదట చూసేది, తర్వాతి ఖాళీ ఎక్కడుందా అని. ఓడ తప్పిపోతే తర్వాత ఎక్కడ ఎక్కొచ్చు? నాలుగో రేవులో. ఆ రేవుకి ఎలా వెళ్ళాలి? మ్యాపు మీద తీరం పొడవునా నల్లటి గీత ఒకటి కనిపించింది. నవ్వు ఆపుకోలేక మావయ్య ముందు లాప్‌టాప్ పెట్టాను.

“మావయ్యా, ఈ మూడో రేవు ఊరికీ నాలుగో రేవు ఊరికీ మధ్య రైలుంది.”

పేపరు పక్కన పెట్టి కళ్ళజోడు సర్దుకున్నారు. ఆ గీత మీద వేలు పెట్టి, ఊరూరా ఆగుతూ చివరిదాకా పోయారు. ఇంట్లో ఎవరైనా ఆయనకి కొత్త బట్టలు కొంటే ఇంత శ్రద్ధగా చూడగా నేనెరగను.

“ప్యాసింజరా?”

“ప్యాసింజరూ ఉంది, ఎక్స్‌ప్రెస్సూ ఉంది. మిగతా రేవులన్నిటికీ ఓడవాళ్ళవే చేద్దాం, మీ మాటే. ఈ ఒక్కచోట ఊరివాళ్ళది చేద్దాం. ఖర్మకాలి ఓడ వెళ్ళిపోయినా రైలెక్కి దాన్ని పట్టుకుంటాం.”

ఆయన నీళ్ళు నమిలారు. కాదనడానికి కారణం దొరకడం లేదు. ఓడనైతే అనుమానించగలరు గానీ రైలుని ఎలా అనుమానిస్తారు?

“సరే, చెయ్యి. కానీ బయల్దేరే టైము నేను చెప్తాను. నేను చెప్పాక ఇంకాస్త, ఇంకొక్కటి అంటే కుదరదు.”

“కుదరదు” అని వెంటనే ఒప్పేసుకుంది అత్తయ్య. ఆ రాత్రి గిన్నెలు సర్దుతూ మాత్రం నాతో మెల్లిగా అంది, “మధ్యలో లేపేస్తారే. అయినా సరే, సగమైనా చూస్తాను.”

బుక్ చేసే ముందు ఆ మనవరాలికి మెయిలు రాసి అన్నీ అడిగాను. గాలివాన వచ్చి ఓడ అసలు ఆ రేవుకే రాకపోతే ఏమిటి, ఎక్కడ నిలబడాలి, రేవునుంచి ఇల్లెంత దూరం. ఓడ రాకపోతే ఏమీ ఇవ్వక్కర్లేదని, రేవు గేటు బయట నీలం కారు దగ్గర ఉంటానని, వచ్చేది లేసు తెలిసినావిడైతే తన నాయనమ్మ ఎంతో సంతోషిస్తుందని ఆ అమ్మాయి జవాబు రాసింది. అలాంటి జవాబు ఇచ్చేవాళ్ళని నమ్మొచ్చు. వెంటనే ఖాయం చేశాను.

ఓడెక్కిన మొదటి రోజే మా ఆయనకి కడుపులో తిప్పడం మొదలైంది. నడిసముద్రంలోనే కాదు, రేవులో కట్టేసి ఉన్నా ఆయనకి ఓడ ఊగుతున్నట్టే ఉందట. క్యాబిన్‌లో ముసుగుతన్ని పడుకున్నాడు. మొదటి రెండు రేవుల్లోనూ మేం ముగ్గురమే ఓడవాళ్ళ టూరుకి వెళ్ళాం. మావయ్య ఆనందం చూడాలి! ఒంటి మీద నంబరు స్టిక్కరు, ముందు జెండా పట్టుకున్న గైడు, వెనక గుంపు. ఆయన గుంపు చివరకెళ్ళి నిలబడి, వెనకబడినవాళ్ళని ‘నడవండి నడవండి’ అని తోలుకొస్తుంటే, రెండో రోజుకి ఆ గైడు బస్సెక్కే ముందు మావయ్య వైపు చూసి, ఆయన చెయ్యెత్తాకే డ్రైవరుకి చెప్పడం మొదలుపెట్టింది. అత్తయ్య ఆ రెండు రోజుల్లో ఏం చూసిందని అడిగితే, “ముందున్నావిడ వీపు చూశాను, మంచి అల్లిక స్వెట్టరు” అంది.

మూడో రేవులో దిగాం. గేటు బయట నీలం కారుంది, దాని పక్కన మనవరాలుంది. జుట్టు నెత్తిమీద ముడేసుకుని, మాటకి ముందు నవ్వే పిల్ల. ఓడవాళ్ళ బస్సులు వరసగా కోట వైపు పోతుంటే, మా కారు సందుల్లోకి తిరిగింది. మావయ్య వెనక అద్దంలోంచి ఓడ కనపడినంతసేపూ చూశారు.

ఆ ఇల్లు కింద ఒక గది, పైన ఒక గది. కింది గదిలో కిటికీ దగ్గర ఆ పెద్దావిడ దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ భాష మాకు రాదు, మా భాష ఆవిడకి రాదు. మనవరాలు ఇంగ్లీషులో అటూ ఇటూ చెప్పడానికి మధ్యవర్తిగా కూర్చోబోయింది గానీ ఆ అవసరం కాసేపే. అత్తయ్య సంచిలోంచి తను అల్లిన పసిపాప టోపీ తీసి చూపించింది. పెద్దావిడ దాన్ని తిరగేసి, ముందు కాదు, వెనకవైపు చూసింది. వెనక కూడా ముందులాగే శుభ్రంగా ఉంది. తలూపి, పక్క కుర్చీ లాగి, రెండో దిండు అత్తయ్య ఒళ్ళో పెట్టింది.

కండెలు జంటలు జంటలుగా ఉంటాయి. ఒకదాని మీదుగా ఒకటి దాటించడం, మెలి తిప్పడం, గుండుసూది గుచ్చడం. చూస్తే ఇంతే. అత్తయ్య చెయ్యిపెడితే మాత్రం దారాలు చిక్కుపడిపోయాయి. జన్మంతా ఒకే దారం, ఒకే సూదితో పనిచేసిన చెయ్యి, ప్రతి కుట్టునీ గట్టిగా లాగుతుంది. లాగినప్పుడల్లా పెద్దావిడ ఆవిడ మణికట్టు మీద వేలితో చిన్నగా కొట్టి, వదులు, వదులు అన్నట్టు తన చేతులు ఊపి చూపిస్తోంది. అత్తయ్య విప్పింది, మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ విప్పింది. చిన్నపిల్లలా నాలిక కొస పంటికింద పెట్టుకుంది. మధ్యాహ్నం రొట్టె, పండ్లు తెచ్చి పెడితే ఎడంచేత్తో తిని, మళ్ళీ దిండు మీదికి వంగింది.

మావయ్యా నేనూ వాకిట్లో బల్ల మీద కూర్చున్నాం. తలుపు తెరిచే ఉంది, లోపల అంతా కనిపిస్తోంది. ఆయన గడియారం చూసుకుంటూనే ఉన్నారు. ఎండ సందు దాటి ఎదుటి గోడెక్కింది. నేనూ ఫోను చూసుకున్నాను. ఇక లేవాలి. ఆయన ఇప్పుడు లేస్తారు, ఇప్పుడు లేస్తారు అని చూస్తున్నాను. సరిగ్గా అప్పుడే లోపలినుంచి కర్ర కండెల చప్పుడు మారింది. అంతదాకా ఆగి ఆగి టక్కు టక్కు మంటున్నది, ఒకటే వరసగా, గలగలా సాగింది. అత్తయ్య చెయ్యి దారిలో పడింది. పెద్దావిడ తన దిండు పక్కన పెట్టి, చేతులు కట్టుకుని చూస్తోంది.

“మావయ్యా, టైమైంది” అన్నాను.

“తెలుసు.”

“మరి చెప్పండి. మీరే చెప్తానన్నారుగా.”

ఆయన కదల్లేదు. కిటికీ వైపే చూస్తున్నారు.

“ఆ రోజు స్టేషన్లో మీ అత్తయ్య నాకు కనపళ్ళేదనుకుంటారు మీరంతా. కనపడింది. చంకలో పిల్లాడు, చేతిలో చెంబు. పరిగెడుతూ చెయ్యెత్తింది. అప్పటికి బండి ఇంకా కదల్లేదు. చూస్తూనే ఊపాను జెండా” అన్నారు.

ఇన్నేళ్ళూ చుట్టాలు నవ్వుతున్నప్పుడల్లా ఈయన ఈ మాటని కడుపులో పెట్టుకుని కూర్చున్నారన్నమాట.

“ఆవిడకి తెలుసా?” అన్నాను.

“తెలీదనే అనుకుంటున్నా. నువ్వు కూర్చో.”

“ఓడ, మావయ్యా...”

“పోతే పోనీ.”

అపాయింట్‌మెంట్‌కి రెండు నిమిషాలు లేటుగా వచ్చినవాళ్ళని కళ్ళతోనే కాల్చేసే నేను, ఫోను సంచిలో పడేసి కూర్చున్నాను. కోపం రాలేదని కాదు. మా సామానంతా ఆ ఓడలో ఉంది, సామానుతోపాటు మొగుడూ ఉన్నాడు. అయినా ఆ చప్పుడు మధ్యలో లోపలికి వెళ్ళి ఆవిడ భుజం తట్టడానికి నాకూ మనసు రాలేదు. అంతలో మనవరాలు కారు తాళాలతో పరిగెత్తుకొచ్చి, ‘మీ ఓడ! మీ ఓడ!’ అని కంగారుపడింది. మావయ్య నోటి మీద వేలు పెట్టి ఆ పిల్లని మెట్టు మీద కూర్చోబెట్టారు.

చాలాసేపటికి అత్తయ్య తలెత్తింది. దిండు మీద వేలెడు పొడవున, కిటికీలోంచి వచ్చే వెలుతురు దూరిపోయేంత పలచటి లేసు. వంకర టింకరగానే ఉంది. మొదలు నుంచి చివరి దాకా ఆవిడదే. అప్పటికి బయటి ఎండ రంగు చూసింది, గబుక్కున లేచింది.

“అయ్యో! ఎంతసేపైంది? ఏమండీ, నన్ను పిలవలేదేం?”

మావయ్య ఆవిడ సంచి అందుకుని కారు వైపు నడిచారు. కారు రేవుకి చేరేసరికి ఓడ గట్టు వదిలి, మలుపు తిరుగుతోంది. అంత పెద్ద ఓడ అంత మెల్లిగా వెళ్తూ కూడా మనకి ఎంత అందకుండా పోతుందో! గట్టు మీద అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. తప్పంతా తనదే అన్నట్టు మొహం పెట్టింది. ఈయన ఇప్పుడు ఏమంటారో అని భయం కాబోలు, ఆయన వైపు చూడటం లేదు.

“నా మూలాన ఓడ పోయింది. మీకు టైము తెలీలేదా?”

“తెలుసు.”

“తెలిసి ఊరుకున్నారా? ఎందుకూ?”

“నీ పని ఇంకా అవలేదుగా” అన్నారు మావయ్య.

ఆయనకది మామూలు మాటే అయి ఉంటుంది. అత్తయ్య మాత్రం ఆయన వైపు తిరిగి, చాలాసేపు అలా చూసింది. నీ పని అన్న మాట ఆ నోట ఆవిడ వినడం అదే మొదలు. చూస్తూ చూస్తూ ఒక్కసారిగా ఏడ్చేసింది. మావయ్య కంగారుపడి, ఓడ కోసం అనుకుని, “రైలుందే, రైలుంది, రేపు పొద్దున్నే పట్టేద్దాం” అని బుజ్జగించబోయారు. ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. నేను ఓడ కార్డు మీదున్న నంబరుకి ఫోను చేసే వంకతో పక్కకి తప్పుకున్నాను. నా కళ్ళూ ఆగలేదు మరి.

ఓడవాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. పేర్లు రాసుకుని, తర్వాతి రేవులో గేటు దగ్గర కార్డులు చూపించి ఎక్కమన్నారు. ఇక మా ఆయనకి చేశాను. నిద్రమత్తులో ఎత్తాడు.

“ఎక్కడున్నారే? భోజనానికి వస్తున్నారా?”

“లేదు. మేం గట్టు మీదున్నాం. ఓడ బయల్దేరింది, చూసుకో.”

మంచం మీద లేచి కూర్చున్న చప్పుడైంది. తర్వాత, “నాన్న ఉండగా?” అన్నాడు. అంతకు మించి నమ్మలేని సంగతి ఆయనకి లోకంలో ఇంకొకటి లేదు.

మనవరాలు మమ్మల్ని స్టేషనుకి తీసుకెళ్ళి దింపింది. దిగేటప్పుడు అత్తయ్య చేతికి ఒక సంచి ఇచ్చింది. నాయనమ్మ పంపిందట. అందులో అరచేతిలో పట్టేంత దిండు, కొన్ని గుండుసూదులు, దారం చుట్టిన నాలుగు జతల కండెలు ఉన్నాయి. వద్దని అత్తయ్య ఒక్కసారి కూడా అనలేదు. సంచిని గుండెకి ఆనించుకుంది.

ఎక్స్‌ప్రెస్సు వెళ్ళిపోయింది, ప్యాసింజరే దొరికింది. అత్తయ్య కిటికీ పక్కన, ఆవిడ పక్కన మావయ్య, ఎదురుగా నేను. బండి కదలగానే ఆవిడ దిండు ఒళ్ళో పెట్టుకుంది. కుదుపుకి కండెలు ఒకదాని మీదొకటి పడి దారాలు కలిసిపోతున్నాయి.

“ఏమండీ, ఈ నాలుగూ పట్టుకోండి. కదపకండి. నేను అడిగినప్పుడు అడిగింది ఇవ్వాలి.”

మావయ్య రెండు చేతులూ చాపి కండెలు పట్టుకున్నారు. మోచేతులు ఒంటికి ఆనించి, పసిబిడ్డని పట్టుకున్నంత జాగ్రత్తగా కూర్చున్నారు. బండి ఆగింది, ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు, గార్డు ఈల వేశాడు. మళ్ళీ కదిలింది. ఎన్నిసార్లు ఆగిందో, ఎన్నిసార్లు ఈల వేశారో. మా మావయ్య తల తిప్పి ఏ స్టేషనొచ్చిందో కూడా చూడలేదు. ఆవిడ చేతుల వంకే చూస్తూ, “ఇదా? ఇదా?” అని అడుగుతున్నారు.